ఒక వెండి దిర్హం కాపాడిన కన్ను



ఇంతవరకు ఇక్కడ రక్తపోటు, మధుమేహం, కీళ్లనొప్పులు, వృద్ధాప్యంలో నిద్రలేమి వంటి విషయాలను గురించి వ్రాస్తూ వచ్చాను. ఈసారి నా బల్ల సొరుగులో ఉన్న ఒక పాత వెండి నాణేన్ని గురించి వ్రాయబోతున్నాను. ఆరోగ్యానికీ నాణేనికీ ఏమి సంబంధమని మీకు సందేహం కలుగవచ్చు. నా కుడికంటిలో ఈనాడు మిగిలి ఉన్న చూపు ఆ నాణెం పుణ్యమే. దానిని చదవడం నాకు నేర్పిన ఒక పెద్దమనిషి విషయంలో వైద్యుడిగా నేను చేసిన పొరపాటు కూడా ఈ కథలో ఉన్నది. ఇన్నేళ్లుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఇంకా దాచుకోవడంలో అర్థం లేదు కనుక చెబుతున్నాను.

1986లో నేను రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో, ప్రభుత్వాసుపత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. అక్కడి ఉన్నత పాఠశాలలో ఉర్దూ బోధించే మాస్టారు ఒకరు మధుమేహానికి నా దగ్గర మందులు తీసుకొనేవారు. ఆయన పూర్వులు అరేబియా దక్షిణతీరంలోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం కొలువులో సైనికులుగా చేరినవారు. హైదరాబాదులోని బార్కస్‌లో ఈనాటికీ ఆ సంతతివారు నివసిస్తున్నారు. మాస్టారి తండ్రిగారు వివాహసంబంధం వల్ల ఈ పట్టణానికి వచ్చి స్థిరపడ్డారు.

మాస్టారు ఏనాడూ ఓపీ రద్దీగా ఉన్నప్పుడు వచ్చేవారు కారు. సాయంకాలం రోగులు పలుచబడిన తరువాత వచ్చి, వరండాలోని బల్ల మీద కూర్చొని, పిలిచాకే లోపలికి వచ్చేవారు. ఒకనాడు పాత మందుల చీటీ కోసం జేబు వెతుక్కుంటూ, చిన్న గుడ్డసంచి ఒకటి తీసి నా బల్ల మీద పెట్టారు. అందులో ఏమున్నదని అడిగాను. ఆయన దానిని విప్పి, లోపలి వస్తువును అరచేతిలో పెట్టి చూపించారు. ఆనాటి రూపాయి బిళ్లంత వెడల్పు, అందులో సగం మందమైనా లేని వెండి రేకు. రాజు ముఖం లేదు, సింహం లేదు, పువ్వు లేదు. రెండు వైపులా అక్షరాలే.

“ఇది దిర్హం, డాక్టరు సాబ్. మా తాతల నాటి నుంచి ఇంట్లో ఉన్నది. దీని వయసు పన్నెండున్నర శతాబ్దాలు దాటింది,” అన్నారు మాస్టారు.

“ఎలా తెలుసు మాస్టారూ?”

“దాని మీదే వ్రాసి ఉన్నది. ఏ ఊళ్లో కొట్టారో, ఏ ఏడాది కొట్టారో, రెండూ ఉన్నాయి.”

వైద్యుడిగా నాకు ఆ మాట వెంటనే నచ్చింది. మా కేసు షీటు మీద పేరు, ఊరు, తేదీ లేకుండా ఏ కాగితమూ చెల్లదు. అంత పాత నాణెం తన పుట్టిన ఊరునూ పుట్టిన సంవత్సరాన్నీ తానే చెబుతున్నదంటే దానిని చదవడం నేర్చుకోవాలనిపించింది. ఆ తరువాత ఆయన నెలనెలా మందులకు వచ్చినప్పుడల్లా నేను రెండు మూడు అక్షరాలు నేర్చుకొనేవాడిని. ఫీజు ఎవరు ఎవరికి చెల్లించాలన్నది మా ఇద్దరి మధ్య ఒక హాస్యంగా మిగిలిపోయింది.

ఆ నాణేల నేపథ్యం కొంత చెప్పాలి. అరబ్బులు ఇరాన్‌నూ సిరియానూ జయించిన తొలిరోజుల్లో తమకంటూ ప్రత్యేకమైన నాణెం లేదు. తూర్పున పారశీక సాసానీ రాజుల వెండి నాణేల నమూనాలనే, పడమట రోమక నమూనాలనే కొనసాగించారు. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ దీనిని మార్చాడు. హిజ్రీ 77లో బంగారు దీనారుకూ, 79లో, అంటే క్రీ.శ. 698–699 ప్రాంతంలో, వెండి దిర్హానికీ కొత్త రూపం వచ్చింది. బొమ్మలన్నీ తొలగిపోయి అక్షరాలు మాత్రమే మిగిలాయి. దిర్హానికి ఒక వైపు మధ్యలో మూడు పంక్తుల్లో దైవం ఒక్కడేనన్న ప్రకటన, దాని చుట్టూ వలయాకారంలో ముద్రించిన ఊరూ సంవత్సరమూ ఉంటాయి. రెండో వైపు ఖురాన్ వాక్యాలు. నాణేన్ని వేయించిన ఖలీఫా పేరు మాత్రం ఎక్కడా ఉండదు. తూకం సుమారు 2.9 గ్రాములు.

మాస్టారి నాణెం వాసిత్ నగరంలో హిజ్రీ 93లో, అంటే క్రీ.శ. 711–712లో, ముద్రించినది. ఇరాక్‌లో టైగ్రిస్ నది ఒడ్డున, కూఫా బస్రా నగరాల నడుమ, హజ్జాజ్ అనే గవర్నరు ఈ వాసిత్‌ను కట్టించాడు. అత్యంత సమర్థుడిగానూ అత్యంత కఠినుడిగానూ చరిత్రలో పేరుపడిన మనిషి. ముహమ్మద్ బిన్ ఖాసిం సింధు దేశం మీదికి దండెత్తి వచ్చినది ఇతని ఆజ్ఞతోనే. అదీ సరిగ్గా ఈ నాణెం ముద్రించిన కాలంలోనే. అట్లా ఈ చిన్న రేకుకు మన ఉపఖండ చరిత్రతో కూడా ముడి ఉన్నది.

ఇక ఈ కథకు అవసరమైన ఒక చిన్న అక్షర పాఠం. ఆ నాణేల మీది లిపిని కూఫీ అంటారు. అందులో ఈనాటి అరబ్బీలో వలె అక్షరాలకు చుక్కలు ఉండవు. చుక్కలు తీసేస్తే ‘బా’, ‘తా’ అనే రెండక్షరాలూ ఒకే విధంగా ఒక చిన్న పన్నులా కనిపిస్తాయి. ‘సీన్’ అనే అక్షరానికి మూడు పళ్లుంటాయి. అరబ్బీలో డెబ్బైని ‘సబ్ఈన్’ అంటారు; మూడు పళ్ల సీన్, ఆ తరువాత ఒక పన్ను బా. తొంభైని ‘తిస్ఈన్’ అంటారు. ఒక పన్ను తా, ఆ తరువాత మూడు పళ్ల సీన్. మొత్తం మీద రెండింటికీ నాలుగేసి పళ్లే. ఏడుకూ తొమ్మిదికీ కూడా ఇదే చిక్కు.

మరి తేడా ఎట్లా తెలుస్తుంది? నేర్పరి అయిన చెక్కడపువాడు విడి అక్షరపు పన్నును రవ్వంత ఎత్తుగా చెక్కుతాడు. కుడి నుంచి ఎడమకు చదివేటప్పుడు మొదటి పన్ను ఎత్తుగా ఉంటే తొంభై, నాలుగో పన్ను ఎత్తుగా ఉంటే డెబ్బై. వెంట్రుకవాసి తేడా. అది అరిగిపోయి ఉంటే చరిత్రను ఆశ్రయించాలి. ఈ తరహా వెండి నాణెం మొదలైనదే 79లో కనుక దాని మీద 73 ఉండడానికి వీలులేదు. పైగా వాసిత్ నగరం అప్పటికి ఇంకా పుట్టనే లేదు. రోగలక్షణం సందిగ్ధంగా ఉన్నప్పుడు రోగి పూర్వచరిత్ర అడగడం వంటిదే ఇది.

“ఇందులో ఒక విచిత్రం ఉన్నది, డాక్టరు సాబ్,” అనేవారు మాస్టారు. “అరబ్బీ అక్షరాలకు చుక్కలు పెట్టించినవాడు ఈ హజ్జాజేనని మా సంప్రదాయం చెబుతుంది. యవ్వనంలో తాయిఫ్‌లో బడిపంతులుగా పనిచేశాడట, నా మాదిరే. అంతటివాడు తన ఊరి నాణేల మీద మాత్రం చుక్కలు పెట్టించలేదు. నావంటి వాడి కళ్లకు పరీక్ష పెట్టాడు!”

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మనసు కలుక్కుమంటుంది.

1989లో ఒక సాయంకాలం మాస్టారు, “అక్షరాల మీద చీమలు పాకినట్లుగా ఉంటున్నది, డాక్టరు సాబ్,” అన్నారు. నేను ఆయన మూత్రంలో చక్కెర చూశాను. మాత్ర మోతాదు పెంచాను. కళ్లద్దాలు మార్చుకోమని చీటీ వ్రాశాను. ఆయన మార్చుకున్నారు. అప్పటికి ఆయనకు మధుమేహం వచ్చి పన్నెండేళ్లు. మధుమేహం రెటీనాను, అంటే కంటి వెనుక దృశ్యం పడే పొరను, దెబ్బతీస్తుందని నేను చదువుకొనే ఉన్నాను. కనుపాపలను విస్తరింపజేసే చుక్కలు వేసి, ఆప్తాల్మోస్కోపుతో లోపలికి చూడవలసింది. లేదా కంటి వైద్యుని వద్దకు పంపవలసింది. ఆ రెండూ చేయలేదు. ఆయన రెండు కళ్లతోనూ పత్రిక చదువుతున్నారు కనుక చూపు బాగానే ఉన్నదనుకున్నాను. ఒక్కొక్క కంటిని మూసి పరీక్షించాలన్న ఆలోచన కూడా ఆ రోజు రాలేదు.

ఏడాదిన్నర తరువాత ఒక తెల్లవారుజామున ఆయన ఎడమకంటిలో రక్తస్రావమై చూపు పూర్తిగా మసకబారింది. నగరంలోని పెద్దాసుపత్రికి పంపాను. కుడికన్ను చాలాకాలం నుంచే పాడైపోయి ఉన్నదనీ, ఎడమకంటి బలం మీద ఆయనకు ఆ సంగతి తెలియలేదనీ అక్కడి వైద్యులు చెప్పారు. లేజర్ చికిత్స ముందే జరిగి ఉంటే చాలావరకు కాపాడగలిగేవారు. చివరకు ఆయనకు వెలుతురూ నీడా తెలిసేటంత చూపు మాత్రం మిగిలింది.

నాకు బదిలీ అయ్యేముందు వారి ఇంటికి వెళ్లాను. మాస్టారు ఆ దిర్హాన్ని బొటనవేలితో తడుముతూ, “మొదటి పన్ను ఎత్తుగా తగులుతున్నది. తొంభైయే!” అని నవ్వారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నిందించి ఉంటే నాకు కొంత తేలిక అయ్యేదేమో.

పదవీ విరమణ చేసిన ఏడాదికి వారి అబ్బాయి నా చిరునామా వెతుక్కుంటూ వచ్చాడు. మాస్టారు కాలం చేశారనీ, ఈ నాణెం నాకే చేరాలని చెప్పిపోయారనీ అన్నాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం రోగుల నుంచి కానుకలు తీసుకోలేదు. ఇదీ వద్దన్నాను. “ఇది కానుక కాదు అంకుల్, నాన్నగారి మాట,” అన్నాడతను. మరేమీ అనలేకపోయాను. ఆ గుడ్డసంచి నా సొరుగులోకి వచ్చింది.

నా నాణేల సేకరణ అట్లా మొదలైంది. హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో జరిగే నాణేల ప్రదర్శనలకు వెళ్లడం అలవాటైంది. నా పింఛనుకు తగినట్లుగా, ఏడాదికి ఒకటో రెండో, రసీదు ఇచ్చే వర్తకుల దగ్గర మాత్రమే కొనేవాడిని. ఈనాడు నా దగ్గర పదిహేడు నాణేలున్నాయి. వాటిలో ‘మదీనత్ అస్సలాం’ పేరుతో ముద్రించిన అబ్బాసీ దిర్హం ఒకటి. శాంతినగరం అని అర్థం, క్రీ.శ. 762లో పునాది వేసుకున్న బాగ్దాదుకు అధికారిక నామం అది. మధ్య ఆసియాను ఏలిన సామానీ రాజుల దిర్హం ఇంకొకటి. దాని మీద ఉన్న ఊరు షాష్, అంటే నేటి తాష్కెంట్. మన దక్కనుకు చెందినది ఒకటే: బహమనీ సుల్తానుల వెండి టంకా, సుమారు 11 గ్రాములు. దిర్హం పక్కన పెడితే అది మల్లుడిలా కనిపిస్తుంది.

ఈ వెండి ఎంత దూరం ప్రయాణించిందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సామానీ దిర్హాలు బానిసలకోసం, ముఖ్యంగా ఉత్తరాది జంతుచర్మాలకోసం ఓల్గా నది మార్గాన ఉత్తర ఐరోపాకు లక్షల సంఖ్యలో వెళ్లాయి. 1999లో స్వీడన్‌కు చెందిన గోట్‌లాండ్ ద్వీపంలో, స్పిల్లింగ్స్ అనే పొలంలో ఒక వెండి నిధి బయటపడింది. మొత్తం 67 కిలోల వెండి. అందులో 14,000 పైచిలుకు నాణేలు. వాటిలో అత్యధికం ఇస్లామీ దిర్హాలే. అక్కడివారికి ఆ అక్షరాలతో పని లేదు. తూకమే వారికి ప్రధానం. అవసరమైతే నాణేన్ని రెండుగా, నాలుగుగా నరికి ఇచ్చేవారు. కత్తిమొనతో గీరి వెండి మంచిదో కాదో చూసుకొనేవారు.

ఈ వ్యాసంగంలోకి రాదలచిన వారికి మూడు మాటలు. ఒకటి: మన దేశంలో వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. అనుమతి లేకుండా వాటిని దేశం దాటించరాదు. పొలంలోనో పునాదిలోనో నిధి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి, అమ్ముకోరాదు. రెండు: నాణేన్ని చింతపండుతోనో, నిమ్మరసంతోనో, పళ్లపొడితోనో తోమకండి. వెండి మీది నల్లని పొర గాలిలోని గంధక సమ్మేళనాల వల్ల శతాబ్దాలపాటు ఏర్పడినది. దానితోపాటు సన్నని అక్షరాలు కూడా పోతాయి. మేలు చేయలేకపోయినా కీడు చేయకూడదన్న వైద్యధర్మం ఇక్కడా వర్తిస్తుంది. మూడు: నకిలీలు ఎక్కువ. పోతపోసిన నకిలీకి అంచున అతుకు గీత కనిపిస్తుంది, ఉపరితలం మీద సూదిమొనంత గుంటలుంటాయి, తూకం తప్పుతుంది. చూడడం, తడమడం, తూచడం, పూర్వచరిత్ర అడగడం. రోగిని పరీక్షించే క్రమమే ఇది.

చూడడానికి కావలసినది పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం. దానిని కంటికి దాదాపు ఆనించి, రెండో కంటిని మూసి, నాణేన్ని దగ్గరకు తెచ్చుకోవాలి. అంటే ఈ పని ఒంటికంటితోనే చేయాలి. నాకు కుడికన్ను అలవాటు.

నాలుగేళ్ల క్రితం డిసెంబరు నెలలో ఒక రాత్రి మాస్టారి దిర్హాన్ని తీసి చూస్తున్నాను. కూఫీ అక్షరాలన్నీ గీటుబద్ద పెట్టి గీసినట్లుండే ఒక అడుగుగీత మీద నిలబడి ఉంటాయి. వందలసార్లు చూసిన గీత అది. ఆ రాత్రి మధ్య పంక్తి కింద ఆ గీత తిన్నగా లేదు. చెరువునీటిలో పడిన కర్ర నీడలాగా నడుమ వంగి ఉన్నది. తేదీ దగ్గర నాలుగు పళ్లూ ఒకదానిలోకి ఒకటి ఒరిగిపోయి, ఏది ఎత్తో తెలియలేదు. డెబ్బై కాని తొంభై కాని కాకుండా పోయింది.

భూతద్దం పాడైందనుకున్నాను. కొత్తది తెప్పించాను. దానిలోనూ అంతే. బల్లదీపం మార్చాను. ఆ తరువాత, వయసు వచ్చింది కదా, శుక్లం ముదిరి ఉంటుంది, చలి తగ్గాక చూపించుకుందామని సర్దిచెప్పుకున్నాను. పత్రిక చదవగలుగుతున్నాను, నడక ఆగలేదు, టీవీ కనిపిస్తున్నది. ఇంకేమి కావాలి? ముప్పై మూడేళ్లు రోగులకు ఆలస్యం చేయవద్దని చెప్పినవాడిని. నా విషయంలో ఆరు వారాలు గడిపేశాను.

సంక్రాంతికి వచ్చిన మా మనుమరాలు ఒకనాడు ఆ భూతద్దం తీసుకొని నాణెం చూస్తున్నది. “ఆ గీత ఎంత వంకరపోయిందో చూశావా?” అన్నాను. ఆ పిల్ల చాలాసేపు చూసి, “తిన్నగానే ఉంది కదా తాతయ్యా!” అన్నది. దాని చేతిలో నుంచి భూతద్దం తీసుకొని, ఏమనిపించిందో గాని మొదటిసారి ఎడమకంటికి పెట్టుకున్నాను. గీత తిన్నగా ఉన్నది. నాలుగు పళ్లూ విడివిడిగా, మొదటిది ఎత్తుగా ఉన్నది. మళ్లీ కుడికంటికి పెట్టాను. వంకర. తప్పు నాణెంలో లేదు, అద్దంలో లేదు. వరండాలో బల్ల మీద కూర్చున్న మాస్టారు నాకు ఆ క్షణంలో గుర్తుకు వచ్చారు.

మరునాడే కంటి ఆసుపత్రికి వెళ్లాను. ఓసీటీ అనే స్కాన్ తీశారు. నొప్పి లేని పరీక్ష. రెటీనా పొరలను కేకును కోసి చూసినట్లు చూపిస్తుంది. కుడికంటిలో వయసుతో వచ్చే మాక్యులా క్షీణత, తడి రకం అని తేలింది. రెటీనా మధ్యభాగాన, మనం చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ ఉపయోగించే చిన్న ప్రదేశమే మాక్యులా. తడి రకంలో దాని అడుగున అవసరం లేని కొత్త రక్తనాళాలు మొలిచి, ద్రవాన్నీ రక్తాన్నీ కారుస్తాయి. పొర ఉబ్బి ఎగుడుదిగుడవుతుంది. అందువల్లనే తిన్నని గీత వంగి కనిపిస్తుంది. నిర్లక్ష్యం చేస్తే అక్కడ మచ్చకట్టి, మధ్యచూపు శాశ్వతంగా పోతుంది. ఈ జబ్బుకు వయసూ వంశమూ ముఖ్యకారణాలు. మన చేతిలో ఉన్న కారణాల్లో పెద్దది పొగతాగడం. హౌస్ సర్జన్సీ రోజుల నుంచి ఇరవై ఏళ్లు నేను సిగరెట్లు తాగాను. ఇది కూడా దాచవలసిన సంగతి కాదు.

చికిత్స కంటిలోకి ఇంజెక్షను. కొత్త రక్తనాళాల పెరుగుదలను అణచే మందు అది. కంటిలోకి సూది అంటే వైద్యుడినైన నాకూ గుండె దడదడలాడింది. మత్తుచుక్కలు వేశాక ఒక నొక్కుడు తప్ప మరేమీ తెలియలేదు. నిమిషం కూడా పట్టలేదు. మొదట నెలకొకటి చొప్పున మూడు, ఆ తరువాత స్కాను చూసి అవసరమైనప్పుడు. ఈ నాలుగేళ్లలో పదకొండు తీసుకున్నాను. ఇంజెక్షను తరువాత నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి; అరుదుగా ఇన్ఫెక్షను రావచ్చు. కొంత బాగుపడింది కదా అని మధ్యలో మానివేయడం చాలామంది చేసే తప్పు.

ఫలితం? పూర్తిగా నయం కాలేదు. ఆ ఆరు వారాల్లో జరిగిన నష్టం కొంత అలాగే ఉన్నది. కుడికంటితో చూస్తే గీత మధ్యలో ఈనాటికీ చిన్న వంపు. కాని అక్షరాలు చదవగలను, మనుషుల ముఖాలు గుర్తుపట్టగలను. ఎడమకంటిలో పొడి రకం తొలిదశ ఉన్నది. దానిని కనిపెట్టుకొని ఉండాలి.

ఇప్పుడు మీరు చేయవలసినది చెబుతాను. మన మెదడు మహా సర్దుబాటుదారు. రెండు కళ్లూ తెరిచి ఉంటే, ఒక కంటి లోపాన్ని రెండో కంటి చూపుతో పూడ్చి, అంతా సవ్యంగా ఉన్నట్లు చూపిస్తుంది. మాస్టారిని మోసగించినదీ అదే, నన్ను మోసగించబోయినదీ అదే. కనుక ఒక్కొక్క కంటిని వేరువేరుగా పరీక్షించుకోవాలి. ఇందుకు స్విట్జర్లాండుకు చెందిన ఆమ్‌స్లర్ అనే నేత్రవైద్యుడు రూపొందించిన గళ్ల పటం ఉన్నది. కంటి వైద్యుని అడిగితే ఇస్తారు. చదువుకొనే కళ్లద్దాలు పెట్టుకొని, పటాన్ని సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, ఒక కంటిని అరచేతితో నొక్కకుండా మూసి, నడిమి చుక్కనే చూడాలి. గీతలు వంగినా, అలలలాగా కనిపించినా, ఏదైనా గడి మాయమైనా, మసకగా ఉన్నా ఆ వారంలోనే కంటి వైద్యుని చూడాలి. ఆ తరువాత రెండో కన్ను.

పటం దొరకనివారికి ప్రతి ఇంటి గోడ మీదా తెలుగు క్యాలెండరు ఉన్నది. దాని గళ్ల గీతలు, తలుపుచట్రం, నేల పలకల అతుకులు కూడా మొదటి హెచ్చరిక ఇవ్వగలవు. అయితే ఇవి వైద్యపరీక్షకు బదులు కావు. యాభై దాటినవారు ఏడాదికో రెండేళ్లకో రెటీనా పరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ఉన్నవారు, అది బయటపడిన నాడే ఒకసారి, ఆ తరువాత ఏటా తప్పనిసరిగా, చూపు ఎంత బాగున్నా సరే, చుక్కలు వేయించుకొని రెటీనా చూపించుకోవాలి. “కళ్లద్దాలు మార్చుకోండి” అన్న మాటతో తృప్తిపడకండి. ఆ మాట చెప్పినది నావంటి డాక్టరైనా సరే, “లోపల చూశారా?” అని అడగండి.

ప్రతి ఆదివారం ఉదయం కాఫీ తాగాక నేను గళ్ల పటాన్ని చూస్తాను. మొదట కుడికన్ను, తరువాత ఎడమకన్ను. ఆ తరువాత సొరుగులో నుంచి మాస్టారి దిర్హాన్ని తీసి, కుడికంటితో నాలుగు పళ్లూ లెక్కపెడతాను. ఒక్కోసారి సందేహం వచ్చినప్పుడు కళ్లు మూసుకొని బొటనవేలితో తడుముతాను. మొదటి పన్ను ఎత్తుగానే తగులుతుంది.

ఈ వ్యాసం చదవడం పూర్తి కాగానే ఒక్క నిమిషం ఆగి, ఒక కంటిని మూసి గోడ మీది క్యాలెండరును చూడండి. తరువాత రెండో కంటిని మూసి చూడండి. ఇంట్లో పెద్దవారుంటే వారిచేత కూడా చేయించండి.